ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న యూనిట్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల చెరువుల మోటార్లకు టెర్మినల్ బ్లాకులు (కరెంటు తీగలు బిగించే దిమ్మెలు), స్టార్టర్లకు బేకలైట్ భాగాలు, పంపులకు రబ్బరు బుష్‌లు, చీమకుర్తి గ్రానైట్ యంత్రాలకు సీళ్లు. మన రెండు జిల్లాల్లో వీటి అవసరం ఏడాది పొడవునా ఉంటుంది. వీటిని ఇక్కడే చేసుకోవాలనుకునే యూనిట్లవాళ్లు, ఐటీఐ, డిప్లొమా చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. అనవసరమైన చోట ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్ పద్ధతిని ఎంచుకుని డబ్బు పోగొట్టుకోకూడదు, అవసరమైన చోట భయపడి వదిలేయకూడదు. అందుకే ఇంత వివరంగా రాశాను.

ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్ అంటే ఏమిటి?

ముందు మోల్డ్ (అచ్చు) మూస్తారు, ఆ తర్వాతే పదార్థం లోపలికి వెళ్తుంది. ఈ పద్ధతికి ప్రాణం ఇదే.

మోల్డ్‌కి పైనో కిందో పాట్ అనే చిన్న గది ఉంటుంది. వేడి చేసి మెత్తబరచిన పదార్థాన్ని అందులో వేసి ప్లంజర్‌తో నొక్కుతారు. మురుకుల గొట్టంలో పిండిని నొక్కినట్టే. పదార్థం స్ప్రూ అనే రంధ్రంలోంచి రన్నర్ అనే కాలువలోకి, అక్కడినుంచి గేట్ అనే సన్నని ద్వారం గుండా మూసి ఉన్న మోల్డ్ గదుల్లోకి వెళ్తుంది. మోల్డ్ అప్పటికే 150 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది కాబట్టి అక్కడే గట్టిపడుతుంది. తెరిచి భాగాన్ని బయటికి తీస్తారు. పాట్ అడుగున బిళ్లలా మిగిలిపోయే దాన్ని ‘కల్’ అంటారు.

కంప్రెషన్ మోల్డింగ్‌కీ దీనికీ తేడా ఏమిటి? ఇంజెక్షన్ ఉండగా ఇది ఎందుకు?

కంప్రెషన్‌లో తెరిచి ఉన్న మోల్డ్‌లోనే పౌడర్ పోసి, పై సగంతో నొక్కుతారు. గట్టిగా ఉన్న ముద్ద మీదే ఒత్తిడి పడుతుంది. లోపల ఇత్తడి నట్టో, సన్నని పిన్నో, తీగో ఉంటే వంగుతుంది, పక్కకు జరుగుతుంది. ట్రాన్స్‌ఫర్‌లో పదార్థం మెత్తబడి పారుతూ వచ్చి ఇన్‌సర్ట్ (భాగం లోపల ఉండిపోయే ఇలాంటి లోహపు ముక్క) చుట్టూ నిండుతుంది. సన్నని ఇన్‌సర్ట్‌లు, లోతైన చిన్న రంధ్రాలు, రెండు సగాలు కలిసే చోట బయటికి పొంగే అంచు, అంటే ఫ్లాష్, పలుచగా ఉండాలంటే ఇదే మెరుగు.

ఇంజెక్షన్‌లో స్క్రూ బారెల్ నుంచి పదార్థం తనంతట తానే కొలత ప్రకారం వస్తుంది. వేగం ఎక్కువ, మనిషి పని తక్కువ. లక్షల్లో ఆర్డర్ ఉంటే ఇంజెక్షన్‌కే వెళ్లండి. కానీ ఆ యంత్రం ఖరీదు ఎక్కువ. పైగా థర్మోసెట్‌ని (ఒకసారి వేడికి గట్టిపడితే మళ్లీ కరగని ప్లాస్టిక్‌ని) బారెల్‌లో వేడి అదుపు తప్పకుండా నడపాలి, లేకపోతే స్క్రూ మీదే గట్టిపడుతుంది. నెలకు కొన్ని వేల భాగాలు, రకరకాల డిజైన్లు, ప్రతి దాంట్లో ఇన్‌సర్ట్‌లు ఉంటే చిన్న యూనిట్‌కి ట్రాన్స్‌ఫరే సరిపోతుందని నా అభిప్రాయం. ఇన్‌సర్ట్ లేని మామూలు మూతలు, నాబ్‌లు అయితే కంప్రెషన్ చాలు. వాటికి రన్నర్ వృథా ఎందుకు?

ఏ పదార్థాలు వాడతారు? పాలీప్రొపిలీన్, నైలాన్ లాంటివి కుదరవా?

ఎక్కువగా థర్మోసెట్‌లు, రబ్బర్లు. ఫినాలిక్ (మనం బేకలైట్ అనేది ఇదే), మెలమిన్, యూరియా ఫార్మాల్డిహైడ్, ఎపాక్సీ, పాలిస్టర్‌తో చేసే డీఎంసీ (డో మోల్డింగ్ కాంపౌండ్) ముద్ద. రబ్బర్లలో నైట్రైల్, ఈపీడీఎం, సిలికోన్, సహజ రబ్బరు.

పాలీప్రొపిలీన్, నైలాన్ థర్మోప్లాస్టిక్‌లు. వేడికి కరుగుతాయి, చల్లారితే గట్టిపడతాయి, మళ్లీ కరుగుతాయి. వాటికి వేడి బారెల్, చల్లని మోల్డ్ కావాలి. అది ఇంజెక్షన్ పని. థర్మోసెట్ నడక వేరు: వేడి తగిలాక కొద్దిసేపు మాత్రమే మెత్తగా ఉంటుంది. ఆ కాస్త సమయంలోనే అణువులు అడ్డంగా ముడిపడి శాశ్వతంగా గట్టిపడతాయి. ఆ తర్వాత ఎంత వేడి చేసినా కరగదు, చివరికి మాడిపోతుంది. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ 1907లో ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ వేడి, ఒత్తిడి కింద ఇలా ముడివేయగలిగాడు. బేకలైట్ అన్న పేరు ఆయనదే.

ట్రాన్స్‌ఫర్ పనిలో నైపుణ్యమంతా ఆ మెత్తని సమయాన్ని వాడుకోవడంలోనే ఉంది. పౌడర్ వేడెక్కిన క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది, మనం ఆపలేం.

ఒక సైకిల్ మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుంది?

ఫినాలిక్ ఉదాహరణగా చెబుతాను. పౌడర్‌ని ముందే బిళ్లలుగా నొక్కి ఉంచుకుంటారు. దీన్ని ప్రీఫార్మ్ అంటారు. బిళ్లలో గాలి తక్కువ, తూకం సమానం. దాన్ని రేడియో ఫ్రీక్వెన్సీ ప్రీహీటర్‌లో 90 నుంచి 110 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఈ ప్రీహీటర్ బిళ్ల మధ్యదాకా ఒకేసారి వేడెక్కిస్తుంది. ఓవెన్‌లో పెడితే పైన గట్టిపడి లోపల చల్లగా ఉండిపోతుంది. ప్రీహీటర్ కొనే స్థోమత ఉంటే ముందు అదే కొనండి. సైకిల్ సమయం, భాగం నాణ్యత రెండింట్లోనూ తేడా వెంటనే కనిపిస్తుంది.

ఈలోగా ఇన్‌సర్ట్‌లు మోల్డ్‌లో అమర్చి, మోల్డ్ మూసి ఉంచాలి. వేడెక్కిన బిళ్ల మెత్తగా ఉంటుంది. ఆలస్యం లేకుండా పాట్‌లో వేసి ప్లంజర్ దించాలి. నింపడం కొన్ని సెకన్లలో అయిపోవాలి. నింపాక ఒత్తిడి అలాగే నిలిపి ఉంచి క్యూర్ కానివ్వాలి, అంటే పూర్తిగా గట్టిపడనివ్వాలి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న భాగానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నిమిషాలు. ఖచ్చితమైన అంకె మీ కాంపౌండ్ (రెసిన్, ఫిల్లర్ కలిపి అమ్మే పౌడర్) తయారీదారు ఇచ్చే పత్రంలో ఉంటుంది.

మోల్డ్ తెరిచాక ఇజెక్టర్ పిన్నులు భాగాల్ని నెడతాయి. రన్నర్లూ కల్ కలిసే వస్తాయి. గేట్ దగ్గర విరిచి, అంచులు రుద్ది, గాలి కొట్టి మోల్డ్ శుభ్రం చేసి, తర్వాతి షాట్ (ఒకసారి నింపడం).

పాట్ రకం, ప్లంజర్ రకం అంటారు కదా, మాకు ఏది?

మీ దగ్గర పాత కంప్రెషన్ ప్రెస్ ఉంటే పాట్ రకం. కొత్తగా కొంటుంటే, రెండు సిలిండర్లున్న ప్రెస్ దొరికితే ప్లంజర్ రకం.

పాట్ రకంలో ఒకే హైడ్రాలిక్ రామ్ (నూనె ఒత్తిడితో కదిలే కడ్డీ) ఉంటుంది. పదార్థాన్ని నెట్టేదీ అదే, మోల్డ్‌ని మూసి ఉంచేదీ అదే. కాబట్టి ఒక లెక్క తప్పనిసరి: పాట్ అడ్డుకోత విస్తీర్ణం, మోల్డ్‌లోని గదులు, రన్నర్లు కలిపి పైనుంచి చూస్తే కనిపించే విస్తీర్ణం కన్నా కనీసం 10 నుంచి 15 శాతం ఎక్కువ ఉండాలి. తక్కువైతే మోల్డ్ తెరుచుకుని ఫ్లాష్ అన్ని వైపులా చిమ్ముతుంది.

అంకెల్లో చూద్దాం. గదులు, రన్నర్లు కలిపి 100 చదరపు సెంటీమీటర్లు, పాట్ 115. ప్రెస్ 50 టన్నులు, అంటే 50,000 కిలోలు. దాన్ని 115తో భాగిస్తే పదార్థం మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 435 కిలోలు. ఆ ఒత్తిడి 100 చదరపు సెంటీమీటర్ల మీద మోల్డ్‌ని తెరవాలని చూస్తే వచ్చే బలం 43.5 టన్నులు. మూసేది 50, తెరిచేది 43.5. మిగిలిన ఆరున్నర టన్నులే మీకు రక్ష. రన్నర్లలో ఒత్తిడి కొంత తగ్గుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని పాట్ చిన్నది చేయొద్దు.

ప్లంజర్ రకంలో మోల్డ్‌ని మూసి ఉంచేది ప్రధాన రామ్, పదార్థాన్ని నెట్టేది వేరే చిన్న సిలిండర్. రెండింటినీ విడివిడిగా సర్దుకోవచ్చు. కల్ చిన్నది, వృథా తక్కువ, నింపే వేగం మీ చేతిలో ఉంటుంది.

రొయ్యల చెరువు ఏరియేటర్‌లో (నీటికి గాలి అందించే యంత్రంలో) ఏ భాగాలకు ఈ పద్ధతి పనికొస్తుంది?

చాలామంది ఏరియేటర్ మొత్తాన్ని ‘ప్లాస్టిక్’ అని ఒకే గాటన కడతారు. తేలే ఫ్లోట్‌లు హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో, గాలి ఊది ఆకారం తెచ్చే బ్లో మోల్డింగ్‌లో చేసినవి. నీటిని కొట్టే రెక్కలు పాలీప్రొపిలీన్ లేదా నైలాన్‌తో ఇంజెక్షన్‌లో చేసినవి. ఈ రెండిటి జోలికి ట్రాన్స్‌ఫర్ ప్రెస్‌తో వెళ్లొద్దు.

మోటార్ పెట్టెలోని టెర్మినల్ బ్లాక్, గేర్‌బాక్స్ ఆయిల్ సీల్, కేబుల్ లోపలికి వెళ్లే చోట ఉండే రబ్బరు గ్రోమెట్, ఒడ్డున ఉండే స్టార్టర్ లోపలి ఇన్సులేటర్ భాగాలు మనవి. టెర్మినల్ బ్లాక్‌లో ఇత్తడి స్టడ్‌లు లోపలే పోతపోసినట్టు ఉండాలి. స్పానర్‌తో బిగించినప్పుడు తిరగకూడదు. ఆయిల్ సీల్‌లో ఇనుప రింగుకి రబ్బరు పెదవి అతుక్కుని ఉండాలి. రెండూ ఇన్‌సర్ట్ పనులే.

టెర్మినల్ బ్లాక్‌కి నల్ల బేకలైట్ చాలు కదా? తరతరాలుగా అదే వాడుతున్నాం.

పొడి గోడ మీది స్విచ్‌కి చాలు. అల్లూరు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం తీరంలో చెరువు గట్టున పెట్టే పెట్టెకి చాలదు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే చెరువులో దిగి పనిచేసే మనుషుల ప్రాణాలతో ముడిపడిన సంగతి ఇది.

ఉప్పు గాలి, తేమ, దుమ్ము కలిసి బ్లాక్ పైన పలుచని పొర కడతాయి. ఆ పొర గుండా రెండు స్టడ్‌ల మధ్య కొద్దిగా కరెంటు పారుతుంది. పారిన చోట పొర ఆరి, చిన్న చిన్న నిప్పురవ్వలు లేస్తాయి. ఫినాలిక్ అణువుల్లో కర్బనం ఎక్కువ. రవ్వ తగిలిన చోట బొగ్గు గీత పడుతుంది. బొగ్గు కరెంటుకి దారి ఇస్తుంది కాబట్టి గీత రోజురోజుకీ పొడవు పెరిగి ఒక స్టడ్ నుంచి ఇంకో స్టడ్‌కి చేరుతుంది. దీన్నే ట్రాకింగ్ అంటారు. ఆ తర్వాత జరిగేది షార్ట్, లేదా మోటార్ బాడీకి కరెంటు రావడం.

దీన్ని కొలవడానికి ఐఈసీ 60112 అనే ప్రమాణం ఉంది. రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం చుక్కలు వేస్తూ, 50 చుక్కలదాకా ట్రాకింగ్ రాకుండా ఎంత వోల్టేజి తట్టుకుంటుందో చూస్తారు. దాన్ని సీటీఐ అంటారు. సాధారణ ఫినాలిక్‌లు సుమారు 125 నుంచి 175 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. మెలమిన్, మంచి డీఎంసీ 600దాకా వెళ్తాయి. మూడు ఫేజుల 415 వోల్టుల మోటార్‌కి ఏది కావాలో ఈ అంకెలే చెబుతాయి. కాంపౌండ్ కొనేటప్పుడు సీటీఐ రాసి ఉన్న పత్రం అడిగి తీసుకోండి.

డీఎంసీ వాడితే ఒక జాగ్రత్త: అందులో గాజు పీచు ఉంటుంది. సన్నని గేట్ గుండా దూరితే పీచు తెగి బలం తగ్గుతుంది. గేట్ వెడల్పుగా, పొట్టిగా ఉంచండి.

సైదాపురం, గూడూరు వైపు దొరికే అభ్రకం ఇందులో పనికొస్తుందా?

పనికొస్తుంది, దానికి పాత చరిత్రే ఉంది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల మీదుగా సాగే నెల్లూరు అభ్రకం పట్టీ దేశంలో పేరున్న గనుల ప్రాంతం. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న మస్కొవైట్ ఇక్కడి ప్రత్యేకత. పొరలుపొరలుగా విడిపోయే పెద్ద పలకలు కెపాసిటర్లకు, ఇన్సులేటర్లకు వెళ్తే, ముక్కలూ తుక్కూ పొడిగా మారి రకరకాల పరిశ్రమలకు వెళ్తాయి.

ఫినాలిక్‌లో రెసిన్ ఒక్కటే ఉండదు. బలానికి, పొదుపుకి ఏదో ఒక ఫిల్లర్ కలుపుతారు. మామూలు రకంలో చెక్క పొడి, దెబ్బ తట్టుకునే రకంలో నూలు గుడ్డ ముక్కలు, కరెంటు పనులకు అభ్రకం పొడి. చెక్క పొడి తేమ పీలుస్తుంది, అభ్రకం పీల్చదు. వేడికీ నిలుస్తుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర కూడా విద్యుత్ నష్టం తక్కువ. వాల్వ్ రేడియోల కాలంలో వాల్వ్ సాకెట్లకు అభ్రకం కలిపిన ఫినాలిక్ వాడటానికి కారణం అదే. మన నేల మీది రాయి ఊళ్లో రేడియో పలకడానికి ఇలా కూడా సాయపడిందంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

లోటు కూడా చెప్పాలి. అభ్రకం రేకులు రెసిన్‌కి గట్టిగా అంటవు, కాబట్టి దెబ్బకు తట్టుకునే బలం తక్కువ. ట్రాన్స్‌ఫర్‌లో పదార్థం పారే దిక్కుకే రేకులు పడుకుంటాయి. ఇన్‌సర్ట్‌ని చుట్టి రెండు ప్రవాహాలు ఎదురెదురుగా కలిసే చోట, అంటే వెల్డ్ లైన్ దగ్గర, పట్టు తక్కువగా ఉంటుంది. గేట్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు ఆ గీత స్క్రూ బిగించే చోట పడకుండా చూసుకోవాలి.

గని నుంచి తెచ్చిన పొడిని మీ షెడ్డులో పౌడర్‌కి కలిపే ప్రయత్నం మాత్రం వద్దు. రెసిన్, గట్టిపరిచే హెక్సమిన్, ఫిల్లర్ మూడింటినీ వేడి రోలర్ల మీద కలిపి, చల్లార్చి, పొడి చేయడం కాంపౌండ్ తయారీదారు పని. అభ్రకంలో ఇనుము మలినం ఉంటే ఇన్సులేషన్ గుణమే చెడుతుంది.

ఎలక్ట్రానిక్ చిప్పుల నల్ల తొడుగు కూడా ఇలాగే చేస్తారట, నిజమేనా?

నిజమే. ప్రపంచంలో ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్‌కి అతి పెద్ద వాడకాల్లో ఇదొకటి. సిలికాన్ ముక్కను లెడ్‌ఫ్రేమ్ అనే పలుచని లోహపు చట్రం మీద అతికించి, వెంట్రుక కన్నా సన్నని బంగారు లేదా రాగి తీగలతో కలుపుతారు. ఆ తీగలు చెదరకుండా చుట్టూ ఎపాక్సీ నింపాలి. కంప్రెషన్ దెబ్బకు అవి నిలవవు. కాబట్టి 175 డిగ్రీల దగ్గర, చదరపు సెంటీమీటరుకు 50 నుంచి 100 కిలోల లోపు తక్కువ ఒత్తిడితో, నెమ్మదిగా నింపుతారు. ఒకటి రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది, తర్వాత ఓవెన్‌లో గంటల తరబడి ఇంకా గట్టిపరుస్తారు, దాన్ని పోస్ట్ క్యూర్ అంటారు. ఆ ఎపాక్సీలో బరువు ప్రకారం 70 నుంచి 90 శాతం సిలికా పొడే.

2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కి ఆమోదం ఇచ్చింది. మన పిల్లలు ఈ ప్రెస్ మీద చేయి తిప్పడం నేర్చుకుంటే ఆ తలుపు తట్టే అర్హత కూడా వస్తుంది.

చలికాలంలో బాగా నిండే మోల్డ్, ఎండాకాలంలో సగంలో ఆగిపోతోంది. పౌడర్ అదే. ఎందుకు?

పౌడర్ అదే కాదు. రేకుల షెడ్డులో రోహిణి కార్తె వేడికి అది ముసలిదైపోయింది. థర్మోసెట్ పౌడర్, గంధకం కలిపిన రబ్బరు కాంపౌండ్, ఎపాక్సీ బిళ్లలు మూడూ సంచిలో ఉన్నప్పుడే నిదానంగా గట్టిపడుతుంటాయి. ఉజ్జాయింపుగా పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం రెట్టింపు అవుతుందని లెక్క. నెల్లూరు మే నెలలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

సంచుల్ని 25 డిగ్రీల లోపు ఉండే పొడి గదిలో పెట్టండి. ఒక చిన్న గదికి ఏసీ పెట్టడం పాడైన షాట్ల కన్నా చవక. ముందు వచ్చిన సంచి ముందు వాడాలి, తేదీ సంచి మీద పెద్దగా రాయాలి. ఎపాక్సీ కాంపౌండ్‌ని 5 డిగ్రీల దగ్గర లేదా ఇంకా చల్లగా నిల్వ చేస్తారు. దాన్ని బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పకూడదు. విప్పితే మన తీరపు తేమ బిళ్లల మీద నీరై కూర్చుంటుంది, భాగంలో బుడగలవుతుంది.

సంచి బాగుందో లేదో తేల్చుకునే తేలికైన పరీక్ష: కొలిచిన తూకం పౌడర్‌ని ఒకే వేడి, ఒకే ఒత్తిడితో రెండు చదును పలకల మధ్య నొక్కి, ఏర్పడిన బిళ్ల అడ్డుకొలత రాసుకోండి. కొత్త సంచి వచ్చిన రోజు అంకెతో పోలిస్తే, పారే గుణం ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. రబ్బరుకైతే, అది ఎంత త్వరగా గట్టిపడుతోందో కొలిచే రియోమీటర్ పరీక్ష చేయించాలి.

పారనప్పుడు మోల్డ్ వేడి పెంచడం చాలామంది చేసే పని. దాంతో గేట్ దగ్గరే ఇంకా త్వరగా గట్టిపడి, పరిస్థితి మరింత చెడుతుంది.

షాట్ మధ్యలో కరెంటు పోతే?

మళ్లీ నొక్కాలని చూడకండి. మోల్డ్ మూసే ఉంచండి, అందులో ఉన్న వేడికే పదార్థం చాలావరకు గట్టిపడుతుంది. ఆ షాట్ పోయినట్టే. కరెంటు వచ్చాక మోల్డ్‌ని పూర్తి వేడికి తెచ్చి, లోపలున్నది పూర్తిగా క్యూర్ అయ్యాకే తెరవండి. సగం ఉడికినది జిగురులా పట్టుకుంటుంది, పూర్తిగా గట్టిపడినది విరిగి వస్తుంది. స్ప్రూలో ఇరుక్కున్న దాన్ని ఇత్తడి పుల్లతో తీయండి. ఉక్కు ఉలి తగిలితే క్రోమ్ పూత లేచిపోతుంది.

ప్రీహీటర్‌లో వేడెక్కిన బిళ్లను దాచి తర్వాత వాడొద్దు.

బుడగలు, పొక్కులు, పగుళ్లు వస్తున్నాయి. ఎక్కడ వెతకాలి?

లోపల ఖాళీ బుడగ ఉంటే గాలి బయటికి పోలేదన్నమాట. పదార్థం చివరగా చేరే చోట వెంట్ ఉండాలి. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల లోతు మాత్రమే ఉండే సన్నని గాడి అది. గాలి పోతుంది, పదార్థం పోదు. అది మూసుకుపోయి ఉంటుంది, శుభ్రం చేయండి. పౌడర్ తడిసినా, మరీ వేగంగా నింపినా ఇదే బాధ.

తెరవగానే భాగం పైన పొక్కు లేస్తే క్యూర్ చాలలేదు. లోపలి ఆవిరి ఇంకా మెత్తగా ఉన్న గోడను ఉబ్బిస్తోంది. పది పదిహేను సెకన్లు పెంచి చూడండి.

ఇన్‌సర్ట్ చుట్టూ సన్నని పగులు వస్తే రెండు కారణాలు చూడాలి. చల్లని ఇత్తడి ముక్కను వేడి మోల్డ్‌లో పెట్టి ఉంటారు, లేదా దాని చుట్టూ పదార్థం మందం చాలదు. లోహం, ప్లాస్టిక్ వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, చల్లారేటప్పుడు వేర్వేరుగా కుంచించుకుంటాయి. ఇన్‌సర్ట్‌లను ముందే వేడి చేసుకోండి, చుట్టూ గోడ మందం పెంచండి.

సగమే నిండితే పాత పౌడర్, తక్కువ తూకం, మూసుకున్న గేట్. ఫ్లాష్ ఎక్కువైతే బిగింపు బలం, మోల్డ్ ముఖాల మధ్య తుక్కు, అరుగుదల. ఒకేసారి రెండు సర్దుబాట్లు చేయొద్దు, దేని వల్ల బాగైందో తెలియకుండా పోతుంది.

రబ్బరు ఇనుముకి అతుక్కోవడం లేదు, పెచ్చుగా ఊడుతోంది.

పదిలో తొమ్మిది సార్లు ఇనుము శుభ్రంగా లేకే. నూనె తుడిచి, షాట్ బ్లాస్ట్ చేసి (సన్నని ఉక్కు గుళ్లు వేగంగా కొట్టి), రబ్బరును అతికించే బాండింగ్ ఏజెంట్ పూసి, ఆరబెట్టి, చేత్తో ముట్టుకోకుండా మోల్డ్‌లో పెట్టాలి. మన దగ్గర బ్లాస్ట్ చేసిన ఇనుము తీరపు గాలికి త్వరగా తుప్పు పడుతుంది. బ్లాస్ట్ అయిన వెంటనే పూత వేయండి, రేపటిదాకా ఉంచొద్దు.

రబ్బరు ఎంపిక కూడా చూసుకోండి. గేర్ ఆయిల్ తగిలే సీల్‌కి నైట్రైల్. ఎండ, నీళ్లు తగిలే గ్రోమెట్‌కి ఈపీడీఎం, కానీ దాన్ని నూనె దగ్గర పెడితే ఉబ్బిపోతుంది.

కల్, రన్నర్ మళ్లీ కరిగించి వాడొచ్చా?

కరిగించలేం. మెత్తగా పొడి చేసి ఫిల్లర్‌గా కొద్ది శాతం కలపడం కాంపౌండ్ తయారీదారుల స్థాయిలో జరిగే పని. వల్కనైజ్ అయిన (గట్టిపడిన) రబ్బరు తుక్కును పొడి చేసేవాళ్లు కొంటారు. షెడ్డు వెనక కుప్ప పోసి కాల్చడం మాత్రం వద్దు. ఆ పొగ పీల్చేది మన పక్కింటి వాళ్లే.

వృథా ఎంతో ముందే లెక్క వేయండి. చిన్న భాగాలైతే రన్నర్, కల్ కలిపిన బరువు భాగాల బరువుతో సమానం కావచ్చు. ధర చెప్పేటప్పుడు షాట్ మొత్తం బరువుకి పదార్థం ఖర్చు కట్టాలి.

జువ్వలదిన్నె, కొత్తపట్నంలో చూసే ఫైబర్ పడవల విషయంలో వినే ‘రెసిన్ ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్’ అంటే ఇదేనా?

పేరు దగ్గరగా ఉంది, పని వేరు. రెసిన్ ట్రాన్స్‌ఫర్‌లో పొడి గాజు పీచు చాపల్ని మోల్డ్‌లో ముందే పరిచి, మూసి, నీళ్లలాంటి రెసిన్‌ని తక్కువ ఒత్తిడితో లోపలికి పంపుతారు. మన తీరంలో పడవలు సాధారణంగా తెరిచిన మోల్డ్ మీద చేత్తో చాప పరుస్తూ, బ్రష్‌తో రెసిన్ పూస్తూ చేసేవి.

డై (మోల్డ్) ఎక్కడ చేయించాలి, పని ఎక్కడ నేర్చుకోవాలి?

నెల్లూరు ఆటోనగర్ లేత్ షాపుల్లో ఇన్‌సర్ట్‌లు, చిన్న మరమ్మతులు అవుతాయి. కొత్త డైకి చెన్నై అంబత్తూరు, గిండీ వైపు టూల్ రూములు దగ్గర. గేట్లు, రన్నర్లు అరిగిపోకుండా గట్టిపరిచిన ఉక్కు, మెరుగు పెట్టి క్రోమ్ పూత అడగండి. గేట్‌ని మొదట చిన్నదిగానే చేయించి, ట్రయల్ చూశాక పెద్దది చేయించుకోండి. కోసిన ఉక్కు తిరిగి రాదు.

నేర్చుకోవడానికి ప్లాస్టిక్ పనులు నేర్పే సిపెట్ ఉంది. 1968లో చెన్నై గిండీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది, విజయవాడ దగ్గర కూడా కేంద్రం ఉంది. పెట్టుబడికి జిల్లా పరిశ్రమల కేంద్రంలో పీఎంఈజీపీ (చిన్న యూనిట్లకు సబ్సిడీతో రుణమిచ్చే కేంద్ర పథకం) గురించి అడగండి. 2022లో తయారీ యూనిట్ల ప్రాజెక్టు పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు.

పనివాళ్ల ఆరోగ్యానికి ఏం చూసుకోవాలి?

మోల్డ్ తెరిచినప్పుడల్లా ఫినాలిక్ నుంచి అమోనియా, ఫార్మాల్డిహైడ్ వాసన వస్తుంది. కళ్లు మండుతున్నాయంటే గాలి చాలడం లేదని అర్థం. ప్రెస్ పైన హుడ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. తలుపు దగ్గర టేబుల్ ఫ్యాన్ దాని బదులు కాదు. అంచులు రుద్దే చోట గాజు, సిలికా ధూళి లేస్తుంది, అక్కడ మాస్క్‌తో పాటు ధూళిని లాగే పైపు కావాలి.

ప్రెస్‌కి రెండు చేతులతో నొక్కితేనే కదిలే స్విచ్‌లు ఉండాలి. ఉత్పత్తి కోసం ఒక స్విచ్‌ని టేపుతో అంటించే షెడ్డులో మీ తమ్ముడో చెల్లెలో పనికి చేరితే, ఆ టేపు పీకేదాకా ప్రెస్ దగ్గరికి పోవద్దని చెప్పండి.